సింహం సుబ్బారావు గారికి డబ్బింగ్

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ సుగుణ, మీ ఆయన ఏం చేస్తారమ్మా అని ఎవరడిగినా "సినిమాల్లో" అని చెప్పి ఊరుకునేది. సినిమాల్లో ఏం చేస్తారని గుచ్చి గుచ్చి అడిగితే "సౌండు" అనేది. అప్పటికీ వదలకపోతే, ఎర్రగడ్డ మార్కెట్లో ఒకావిడతో అన్నట్టు, "అరుస్తారండీ" అని తేల్చేసేది. ఆవిడ జాలిపడి, "మా ఆయన కూడా అంతేనమ్మా" అందట.

నా పేరు ప్రభుదాసు. సినిమాలకు ఎఫెక్ట్స్ పని చేసి రిటైరయ్యాను. తెర మీద తలుపు కిర్రుమన్నా, విలన్ వేలు విరిగినా, వాన కురిసినా, ఆ చప్పుడు షూటింగులో దొరికింది కాదు. ఆ తర్వాత ఫిలింనగర్‌లో ఒక చీకటి గదిలో కూర్చుని మాలాంటి వాళ్లం తీరిగ్గా చేసింది. వేలు విరగడానికి క్యారెట్టు, వానకు మూకుట్లో ఆవాలు. మాలో ఒక్కొక్కరికి ఒక్కో ప్రత్యేకత ఉంటుంది. నాది జంతువులు. మా ఊరి చర్చిలో క్వయర్‌కు బేస్ పాడిన గొంతు నాది. ఆ గొంతును ఖాళీ పాలక్యానులోకి వదిలి, మిషన్లో కాస్త నెమ్మది చేస్తే సింహం తయారవుతుంది. హీరో కారు దిగుతుంటే వెనకాల వినిపించిన గర్జనల్లో చాలావరకు నావే. ఆ సంగతి హీరోలకు తెలియదు. తెలిస్తే నొచ్చుకుంటారు.

ఈ మధ్య సౌండు కోర్సులు చదివిన పిల్లలు ఇంటికొచ్చి, "అంకుల్, మీ అనుభవాలు చెప్పండి" అంటున్నారు. ఎవరు నా పేరు టైటిల్స్‌లో వేయలేదు, ఎవరు అవార్డు ఎగ్గొట్టారు లాంటివి నేను చెప్పను. అవి అందరికీ ఉండేవే. నేను చేసిన పని అసలు ఏమిటో ఒక సింహం వల్ల తెలిసింది, అది కూడా రిటైరయ్యే ముందు. ఆ కథే చెబుతాను. మధ్యలో నా అభిప్రాయాలు అడ్డం వస్తాయి. ఓపిక పట్టండి.

అసలు సింహం పనికిరాలేదు

నా గురువు శేషగిరి గారు. మిక్సింగ్ ఇంజనీరు. చెవులు ఎంత పదునో నోరు అంతకు రెట్టింపు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక అడవి సినిమాకు సింహం గర్జన కావలసి వచ్చింది. కుర్రతనం కదా, నిజాయితీగా పని చేద్దామని రికార్డరు భుజాన వేసుకుని జూకు వెళ్లాను. ఏ జూ అన్నది ఇప్పుడు అనవసరం.

పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను. సింహం పడుకుంది. మధ్యాహ్నం అటు తిరిగి పడుకుంది. జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, ఒకాయన వేరుశనగకాయలు విసిరాడు. చలించలేదు. సాయంత్రం గేట్లు మూసే వేళ, నేనూ సర్దుకుంటుంటే, లేచి నిలబడి పొట్ట లోపలికి లాక్కుని ఒక్క పిలుపు పిలిచింది. నా పక్కటెముకలు అదిరాయి. ఊఁ అని సాగదీసిన మూలుగు, దాని వెంట దగ్గు లాంటి పొట్టి పొట్టి అరుపులు, చివరికి వచ్చేసరికి నీరసం. కొల్లగొట్టుకొచ్చిన దొంగలా టేపు పట్టుకుని థియేటర్‌కు పరిగెత్తాను.

డైరెక్టర్ విన్నాడు. "ఎవరికండీ కడుపునొప్పి?" అన్నాడు.

"సింహం సార్. ఒరిజినల్."

"ఒరిజినల్ అయితే అయింది. సింహంలా లేదుగా!"

శేషగిరి గారు నన్ను బయటికి తీసుకెళ్లి టీ ఇప్పించి అన్నారు: "ఒరేయ్ దాసూ, టిక్కెట్టు కొన్నవాడికి సింహం అక్కర్లేదు. వాడు అనుకున్నది వాడికి కావాలి. పోయి ఏ డబ్బాలోనైనా తల పెట్టి అరవరా." అరిచాను. డైరెక్టర్ లేచి నన్ను కావలించుకున్నాడు. ఆ అబద్ధపు గర్జనే తర్వాత నా ఇంటద్దె కట్టింది, పిల్లల్ని చదివించింది. నిజం గర్జన ఉన్న టేపును మాత్రం పారేయబుద్ధి కాలేదు. అప్పుడప్పుడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేసుకుని, దాన్ని అచ్చంగా దించడం సాధన చేసేవాణ్ణి. ఎవరికీ అక్కర్లేని విద్య అలా ఒకటి పట్టుబడింది.

మూకీ సింహం

కోటిరత్నం గారు ఒకప్పుడు జంతువుల సినిమాలు తీసి బాగుపడ్డ నిర్మాత. ఏనుగు, పాము, కోతి, అన్నీ ఆయన దగ్గర వేషాలు కట్టాయి. తర్వాత చట్టాలు గట్టిపడ్డాయి, జంతువుల స్థానంలో గ్రాఫిక్స్ వచ్చాయి, ఆయన సినిమాలు మానేశారు. జూబ్లీ హిల్స్ ఇంట్లో ఖాళీగా కూర్చోలేక, హైదరాబాద్ పొలిమేరలు దాటాక ఉన్న ఒక చిన్న జూ ట్రస్టుకు ఛైర్మన్ అయ్యారు. ఆ ఊరు పేరు చెప్పను.

ఒకరోజు కబురు పెడితే ఇంటికి వెళ్లాను. సోఫాలో ఆయన పక్కన ఒక మూతి నొక్కుకుపోయిన కుక్కపిల్ల. దానికి వేరే కారు, వేరే డ్రైవరు.

"దాసు గారూ, మా దగ్గర ఒక సింహం ఉందండీ. నోరు విప్పదు. జనం వచ్చి చూసి, ఇది బొమ్మా అని అడుగుతున్నారు. ఒకడు టిక్కెట్టు డబ్బులు వెనక్కివ్వమన్నాడు. నాకు టాకీ కావాలండీ. మూకీ సింహాన్ని పెట్టుకుని నేనేం చేసుకోను?"

"వయసు మీద పడిందేమోనండీ."

"లేదు, మంచి వయసులోనే ఉంది. జత చచ్చిపోయాక ఇలా అయింది. మా డాక్టరమ్మేమో దీన్ని పెద్ద జూకు పంపేద్దాం, అక్కడ రెండు ఆడ సింహాలున్నాయి అంటోంది. నేనూ సరేనన్నాను. కానీ సింహం లేని జూకు ఎవడొస్తాడు? మీరొక సౌండు పెట్టండి. పనిచేస్తే ఉంచుకుంటా. లేకపోతే పంపేస్తా."

ఇక్కడ నా బుర్ర ఎలా పనిచేసిందో చెప్పాలి. ముప్పాతిక జీవితం ఫిలింనగర్‌లో గడిపినవాడికి ఇంకోలా పనిచేయదు. మనిషి బాగున్నాడు, పర్సనాలిటీ ఉంది, గొంతు లేదని వేషం పోతోంది. ఇలాంటి వాళ్లను నేను ఎంతమందిని చూశాను! డబ్బింగ్‌తో నిలబడ్డవాళ్లు లేరా? పాపం, సాటి కళాకారుడు, ఊరు కాని ఊరు ఎందుకు పోవాలి అనుకున్నాను. దాని అవకాశం నేను కాపాడతానని మాటిచ్చి వచ్చాను.

మర్నాడు జూకు వెళ్తే, ఆవరణ ముందు బోర్డు కనబడింది: "శ్రీ సుబ్బారావు, సింహం." సంగతేమిటంటే, జూలో జంతువుల పోషణకు డబ్బిచ్చే దాతలు ఉంటారు. ఈ సింహం దాత తన తండ్రి గారి పేరు పెట్టమన్నాడట. అప్పుడప్పుడు సకుటుంబంగా వచ్చి చూసి పోతాడు కాబట్టి, సిబ్బంది ఎవరూ దాన్ని సారూ, గారూ అనకుండా పిలవడానికి లేదు.

"సుబ్బారావు సారు గిప్పుడే పన్నడు. జర సేపాగుండ్రి," అన్నాడు కీపర్ యాదయ్య.

"అన్నం తిన్నారా?" అని నేనూ గౌరవంగానే అడిగాను.

"అన్నమేంది సార్, బర్రె కూర. సగం తిని ఇడిసిపెట్టిండు."

సుబ్బారావు గారు ఒక మూల గోడకు ఆనుకుని పడుకుని ఉన్నారు. జూలు దట్టంగా, నల్లగా, మా హీరోల విగ్గుల కంటే ఎంతో సహజంగా ఉంది. నన్ను చూసి కళ్లు మూసుకున్నారు.

లిప్ సింక్

స్పీకరు కనబడకూడదు కదా. కోటిరత్నం గారు ఫిలింనగర్ గోడౌన్‌లోంచి ఏదో పౌరాణికం సెట్టుకు వాడిన ఫైబర్ బండరాయి ఒకటి తెప్పించారు. దాన్ని సింహం ఆవరణలో వెనక గోడకు ఆనించి పెట్టి, లోపల స్పీకరు అమర్చాం. గోడ అవతల చీపుళ్లు, బ్లీచింగ్ పౌడరు పెట్టుకునే గది. అక్కడ ఒక కుర్రాడు మీట నొక్కితే, నా సుప్రసిద్ధమైన పాలక్యాను గర్జన బండలోంచి దద్దరిల్లుతుంది.

మొదటి రోజు మీట నొక్కగానే పిల్లలు కెవ్వుమన్నారు, పెద్దలు నోరెళ్లబెట్టారు, ఒకావిడ చేతిలోని పులిహోర డబ్బా వదిలేసింది. సుబ్బారావు గారు మాత్రం ఒక కన్ను తెరిచి బండ వైపు చూసి, మళ్లీ మూశారు. నా ఇన్నేళ్ల కెరీర్‌ను ఒక్క కంటితో తేల్చిపారేసిన విమర్శకుడు ఆయనొక్కడే.

వారం తిరక్కుండానే ఎవడో ఫోనులో వీడియో తీసి పెట్టాడు. "నోరు మూసుకుని గర్జించే సింహం" అని దానికి పేరు. కింద జనం రాతలు: "లిప్ సింక్ లేదు బ్రో." "ఇది వేరే భాష సింహం, తెలుగులోకి డబ్ చేశారు." "నిర్మాత డబ్బులు మిగిల్చుకున్నాడు." నా వృత్తి జీవితంలో నన్ను ఎవరూ లిప్ సింక్ లేదని అనలేదు. ఒళ్లు మండిపోయింది.

కోటిరత్నం గారు ఫోన్ చేశారు. "దాసు గారూ, సౌండు అదిరింది. కానీ ఆర్టిస్టు సహకరించట్లేదు. ఏదైనా చేసి నోరు కదిపించండి."

ఆ రాత్రి భోజనాల దగ్గర సుగుణ అంది, "దానికి అర్థమయ్యే భాషలో మాట్లాడి చూడకపోయారా?" ఊరికే అన్నదే. కానీ నాకు పాత టేపు గుర్తొచ్చింది.

మర్నాడు సాయంత్రం, జనం ఇంకా ఉండగానే, చీపుళ్ల గదిలోకి నేనే వెళ్లాను. పాలక్యానుకు మైకు కట్టుకుని, గొంతు సవరించుకుని, డైరెక్టర్ వద్దన్న ఆ అసలు పిలుపు పిలిచాను. ఊఁ అని సాగదీసి, తర్వాత పొట్టి అరుపులు, చివర నీరసం.

గోడకు ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తున్నాను. సుబ్బారావు గారి చెవులు ముందు లేచాయి. తర్వాత ఆయన లేచారు. బండ దగ్గరకు వచ్చారు, వాసన చూశారు, దాని చుట్టూ తిరిగారు, చివరికి వెనక్కి తిరిగి ఆ పౌరాణిక శిల మీద ఉచ్చపోశారు. అది వాళ్లలో పరిచయం చేసుకోవడమట. ఆ తర్వాత పొట్ట లోపలికి లాక్కుని, నేల వైపు తల వంచి, నాకు జవాబిచ్చారు.

అంతమంది జనంలో ఒక్కరూ కదల్లేదు. నా చేతిలో పాలక్యాను దానంతట అది మోగింది.

మా సంభాషణలు

అక్కణ్ణుంచి నాకు వేరే లోకం లేదు. కోటిరత్నం గారు రోజూ కారు పంపేవారు. పొద్దున గేట్లు తెరిచే వేళ ఒకసారి, సాయంత్రం మూసే వేళ ఒకసారి. నేను పిలిచేవాణ్ణి, ఆయన పలికేవారు. కొన్నాళ్లకు ఆయనే ముందు పిలవడం, నేను పలకడం. మధ్యలో ఎంత ఆగాలి, ఎక్కడ తగ్గాలి అన్నది ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెద్ద పెద్ద నటులతో పనిచేశాను గానీ, అవతలివాడు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగే ఆర్టిస్టును అప్పుడే చూశాను.

ఒకసారి మధ్యలో సుగుణ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

"సుబ్బారావు గారితో మాట్లాడుతున్నాను."

"ఆయన్ని భోజనానికి మాత్రం తీసుకురాకండి. ఇంట్లో పప్పు తప్ప ఏమీ లేదు."

జనం పెరిగారు. వీడియోలు మళ్లీ వచ్చాయి, ఈసారి లిప్ సింక్ మీద ఎవరూ నోరెత్తలేదు. దాత గారు సకుటుంబంగా వచ్చి, "మా నాన్నగారి గొంతు అచ్చం ఇంతే," అని కళ్లు తుడుచుకున్నాడు. కోటిరత్నం గారు నాకు శాలువా కప్పారు. సుబ్బారావు గారిని పెద్ద జూకు పంపే ప్రస్తావన ఆగిపోయిందని కూడా అప్పుడే చెప్పారు. ఒక ఆర్టిస్టును నిలబెట్టానని పొంగిపోయాను.

ఆ పొంగులో గొంతు పోయింది. మాట రాకుండా పోయింది. ఈఎన్‌టీ డాక్టరు చూసి, వారం పాటు నోరు తెరవద్దన్నాడు. ఏ పని చేస్తారని అడిగితే కాగితం మీద రాసి చూపించాను. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివి, నా వైపు చూసి, ఇంకేమీ అడగలేదు.

ఏంది సార్ మీరు చేసిన పని

గొంతు కాస్త కుదుటపడ్డాక జూకు వెళ్తే, గేటు దగ్గరే డాక్టర్ సంధ్య ఎదురుచూస్తోంది. జూ వెటర్నరీ డాక్టరు, వరంగల్ పిల్ల. అప్పటిదాకా నాతో నమస్తే దాటి మాట్లాడింది లేదు. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినంత పని చేసింది.

"ఏంది సార్ మీరు చేసిన పని? జర జూడుండ్రి."

సుబ్బారావు గారు ఫైబర్ బండ పక్కనే పడుకుని ఉన్నారు. దాని చుట్టూ నేలంతా గోళ్లతో తవ్వి ఉంది. మాంసం ముట్టినట్టు లేదు. మేము చూస్తుండగానే లేచి, బండ వైపు ముఖం పెట్టి పిలిచారు. ఆగారు. చెవులు బండ వైపే ఉన్నాయి. మళ్లీ పిలిచారు. మళ్లీ ఆగారు.

"మీరు రాని దినాల సంది గిదే పని. తిండి లేదు, నిద్ర లేదు. మీరు దాన్ని గర్జన అంటున్నరు. గర్జన కాదు సార్ గది. నేనీడున్న, ఎవరన్న ఉన్నరా అని అడుగుడు. జత సచ్చినంక అడుగుడు మానేసిండు. ఎవరు లేరని సమఝయింది ఆయనకు. మీరొచ్చి, నేనున్న అని చెప్పిన్రు. ఇప్పుడు గా ఉన్నోడు యాడ వోయిండని ఎతుకుతున్నడు."

నేను చీపుళ్ల గది వైపు చూశాను.

"గా జూల రెండు ఆడ సింహాలున్నయి. పంపియ్యనీకి అంత తయారు జేసిన. మీ సౌండు ఇని మా ఛైర్మన్ సార్ క్యాన్సిల్ జేసిండు. ఇగ చెప్పుండ్రి, బతికినంత కాలం మీరు ఈడికొచ్చి పలుకుతరా?"

చీపుళ్ల గదిలోకి వెళ్లి క్యాను అందుకుని, ఉన్న గొంతుతో పలికాను. సుబ్బారావు గారు ఒక్క ఉదుటున లేచి బండకు తల రుద్దారు. పెంపుడు పిల్లి మన కాలికి రుద్దుతుందే, అలా. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్లు నేను చేసిన చప్పుళ్లను జనం నమ్మారు. సినిమా అయిపోగానే లేచి ఇంటికి వెళ్లారు. ఈ ప్రేక్షకుడికి వెళ్లడానికి ఇంకో చోటు లేదు, నమ్మింది అబద్ధమని చెప్పడానికి నాకు మార్గం లేదు.

మీకు కావలసింది సింహమా, గర్జనా?

మర్నాడు జూబ్లీ హిల్స్ వెళ్లాను. కోటిరత్నం గారు కుక్కపిల్లకు స్వయంగా మసాజ్ చేస్తున్నారు. దానికి ఒంటరిగా ఉంటే దిగులట, ఇంకొకదాన్ని తెప్పిస్తున్నారట. నేను వెళ్లిన పని ఆ మాట మీదే మొదలుపెట్టాను.

"అది వేరండీ," అన్నారాయన. "ఇది ఇంట్లో పిల్ల. అది సింహం. పైగా హిట్టయిన సింహం. ఆడుతున్న సినిమాను ఎవరన్నా థియేటర్లోంచి తీసేస్తారా?"

"పోనీ ఆ రెండు ఆడ సింహాలనే మనం తెప్పించుకుందాం."

"మనకు అంత చోటు లేదుగా. డాక్టరమ్మే ఒప్పుకోదు."

బతిమాలాను, కోప్పడ్డాను. ఆయన కదల్లేదు. అప్పుడు నాకు శేషగిరి గారు టీ ఇప్పించి చెప్పిన మాట గుర్తొచ్చింది.

"సార్, ఇప్పుడు పులి సినిమాలన్నీ పులి లేకుండానే తీస్తున్నారు కదా. హీరో గ్రాఫిక్స్ కోసం కట్టిన పచ్చగుడ్డ ముందు ఒంటరిగా కుస్తీ పడుతున్నాడు, జనం ఈలలు వేస్తున్నారు. మీ జూకు వచ్చేవాళ్లకు కావలసింది కూడా గర్జనే. ఒక్క ఆదివారం నాకివ్వండి. సుబ్బారావు గారిని రాత్రి పడుకునే వెనక గదిలో ఉంచుదాం. ఆవరణ ఖాళీ. పాత రికార్డింగ్ పెడతా. జనం తిట్టుకుంటూ పోతే ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను."

నిర్మాత కదా, పందెం అంటే చెవి కోసుకుంటారు. ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం కోటిరత్నం గారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని జనంలో నిలబడ్డారు. పక్కన నేను. ఎదురుగా బండలు, పొదలు, ఎండ. మీట నొక్కాం. పాలక్యాను గర్జించింది.

"అదిగో, పొద కదిలింది!" అన్నాడు ఒకాయన.

"తోక! తోక నేను చూశా!" అంది ఇంకొకావిడ.

టోలిచౌకి నుంచి వచ్చిన ఒక కుటుంబం పొద వైపు వీపు పెట్టి సెల్ఫీ దిగింది. ఒక తండ్రి కొడుకును భుజాల మీద ఎక్కించుకుని, సింహం ఎంత ఉందో చేతులు చాపి చూపిస్తున్నాడు. మూడో గర్జనకు కోటిరత్నం గారు నా భుజం గట్టిగా పట్టుకుని, "దాసు గారూ, జూలు కనబడిందండీ!" అన్నారు.

"సార్, సుబ్బారావు గారిని వెనక గదిలో పెట్టింది మీరే."

ఆయన కళ్లద్దాలు తీసి, పొదనీ నన్నూ మార్చి మార్చి చూశారు. "పంపించేయండి," అన్నారు చివరికి. ఆయన సినిమా మనిషే గానీ మొండివాడు కాదు.

డాక్టర్ సంధ్య మాత్రం ఒక షరతు పెట్టింది. జనాన్ని మోసం చేయనివ్వనంది. సుబ్బారావు గారు వెళ్లిపోయాక బోర్డు మార్పించింది: "ఈ ఆవరణలో సింహం లేదు. మీరు వినేది రికార్డింగ్ మాత్రమే." ఇప్పటికీ జనం ఆ బోర్డును పైకి చదివి, పక్కవాళ్లకు వినిపించి, తర్వాత కంచె పట్టుకుని పొదల వైపు చూస్తూ నిలబడతారట. ఇది నేను కల్పించింది కాదు. యాదయ్య చెప్పాడు.

జూ పార్కులు ఉండాలా వద్దా అని ఇప్పుడు టీవీల్లో వాదించుకుంటున్నారు. అన్నిటినీ అడవికి పంపేయమనేవాళ్లు, జూలో పుట్టిన జంతువుకు అడవిలో వేట ఎవరు నేర్పుతారో చెప్పరు. పిల్లలకు జ్ఞానం వస్తుంది అనేవాళ్లు, ఆవరణ ముందు ఒక్క సాయంత్రం నిలబడి, వచ్చిన జ్ఞానం ఏమిటో వినాలి. డాక్టరమ్మ లాంటివాళ్లు ఉన్నంతకాలం కొన్ని జూలు అవసరమేనని నేననుకుంటాను. కానీ ఒక జంతువుకు తోడు ఇవ్వలేని చోటికి దాన్ని ఉంచుకునే హక్కు లేదు. గర్జన వినాలనుకునేవాళ్లు ఫిలింనగర్ రండి. మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

ముఖాముఖి

సుబ్బారావు గారిని తీసుకెళ్లే రోజు ఆవరణ తలుపుకు పెద్ద ఇనుప బోను ఆనించి, పక్కన లారీ నిలబెట్టారు. ఆయన ఎక్కరు. మాంసం పెట్టారు, ఎక్కరు. కొన్నాళ్ల నుంచి అలవాటు చేస్తున్నారు గానీ, లారీ శబ్దానికి అన్నీ మరిచిపోయి ఫైబర్ బండ దగ్గరకు వెళ్లి కూర్చున్నారు. మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం డాక్టర్ సంధ్యకు ఇష్టం లేదు. తిండి మానేసిన ఒంటికి అది ప్రమాదమంది. నా వైపు చూసింది.

"సార్, ఒక్కసారి పిలుస్తరా?"

బోను అవతలి వైపు, కమ్మీల వెనక, క్యాను పట్టుకుని నేల మీద కూర్చున్నాను. మైకు లేదు, స్పీకరు లేదు. ఊరికే గొంతు. నేనున్నాను, ఇక్కడున్నాను అని పిలిచాను.

ఆయన బండను వదిలారు. నెమ్మదిగా బోనులోకి నడిచి, చివరిదాకా వచ్చి, కమ్మీలకు ముక్కు ఆనించారు. వెనకాల తలుపు పడింది. ఆయన అటు చూడలేదు. ఎదురుగా ఉన్నదాన్ని చూశారు. బట్టతల, కళ్లజోడు, పాలక్యాను. క్యాను వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. అంత అవమానం నాకు జీవితంలో ఎప్పుడూ జరగలేదు. "క్షమించండి సుబ్బారావు గారూ," అన్నాను. ఆయన ముక్కుతో గట్టిగా గాలి వదిలారు. నా కళ్లజోడు మసకబారింది.

"తిట్టిండా?" అన్నాడు యాదయ్య.

"అర్థం కాలేదయ్యా," అన్నాను.

చాలా నెలలు ఏ కబురూ లేదు. కొత్త చోట కుదురుకోవడానికి టైము పడుతుంది, ముందు పక్క పక్క ఆవరణల్లో ఉంచుతారు, ఫోన్లు చేసి ప్రాణం తీయకండి అంది డాక్టర్ సంధ్య. ఒకరోజు సాయంత్రం జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటోలో ఉండగా ఆవిడే ఫోన్ చేసింది. ఆ జూలోనే ఉందట, ఆయన్ని చూడటానికి వెళ్లిందట.

"ఇగో, ఇనుండ్రి సార్," అని ఫోను అటు పట్టుకుంది.

చుట్టూ హారన్లు. ఫోను చెవికి అదుముకుని, రెండో చెవి మూసుకున్నాను. సుబ్బారావు గారు పిలిచారు. ఆ గొంతును నేను ఎక్కడైనా పోల్చుకుంటాను. సాగదీసిన మూలుగు, పొట్టి అరుపులు, నీరసం. తర్వాత ఆగారు. ఎంతసేపు ఆగుతారో నాకు తెలుసు. ఆ ఖాళీలో నా పొట్ట దానంతట అదే లోపలికి పోయింది, నోరు తెరుచుకుంది. ఆటో డ్రైవరు అద్దంలోంచి నన్ను భయంగా చూస్తున్నాడు.

ఈలోపు అవతల ఒక గొంతు పలికింది. దాని మీద ఇంకొకటి. రెండూ ఆడగొంతులు, రెండూ నావి కావు.

నేను నోరు మూసుకున్నాను.